రాతిపువ్వు కషాయం, అస్నియా క్యాప్సూల్స్: అమ్మగారికి ఇవ్వొచ్చా?

మీరు అడిగినవి నాలుగు సంగతులు. అమ్మగారికి 58 ఏళ్ళు, షుగరు, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయి. రాతిపువ్వు కషాయం లివర్‌ను శుభ్రం చేస్తుందని, షుగరు తగ్గిస్తుందని, క్యాన్సర్ రానివ్వదని వీడియోల్లో చూశారు. రోజూ ఒక చెంచా పొడి మరిగించి ఇవ్వొచ్చా అన్నారు. దానికంటే ఆన్‌లైన్‌లో దొరికే, రాతిపువ్వు కోవదే అయిన అస్నియాతో చేసిన క్యాప్సూల్స్ మేలేమో అని కూడా అడిగారు. బేగంబజార్‌లో తెచ్చిన సరుకు అసలుదో కాదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి, ఫార్మసీ చదువుతున్న మీ చెల్లెలు కాలేజీ ల్యాబ్‌లో దాన్ని పరీక్షించగలదా అన్నవి మిగతా రెండు.

ముందు జవాబు చెప్పేస్తాను. బిర్యానీలో, నహారీలో, మరగ్‌లో పడే రాతిపువ్వును నిశ్చింతగా తినండి. పొడిని మాత్రం మందులా రోజూ తాగించకండి. అస్నియా క్యాప్సూల్స్ జోలికి అసలు పోకండి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఈ రోజే ఆపేయండి.

ఇక కారణాలు. రాతిపువ్వు, పత్థర్ కా ఫూల్, దగడ్ ఫూల్, కల్పాసి, చరీలా, ఆయుర్వేదంలో శైలేయం, యునానీ దుకాణాల్లో ఉష్నా, ఇవన్నీ దాదాపు ఒకే సరుకుకు పేర్లు. అది పువ్వు కాదు, నాచు కూడా కాదు, లైకెన్. ఒక శిలీంధ్రం తన పొరల మధ్య ఆకుపచ్చ శైవలాన్ని పెట్టుకుని, రెండూ కలిసి బతికే జీవి. శైవలం ఎండ పట్టుకుని చక్కెర చేస్తుంది, ఆ చక్కెరతో శిలీంధ్రం బతుకుతుంది. 1860ల చివర్లో స్విస్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాట మొదట అన్నప్పుడు ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

మీరు వీడియోల్లో విన్న ‘ఔషధ గుణాలు’ అన్నీ ఈ శిలీంధ్రం తయారుచేసే ఆమ్లాల గురించే. ఇప్పటిదాకా వెయ్యికి పైగా గుర్తించారు. చాలావరకు లైకెన్లలో తప్ప మరెక్కడా దొరకవు. ఇవి కణాల లోపల ఉండవు. శిలీంధ్రపు పోగుల మీద బయటివైపు సన్నని స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఎండు బరువులో మామూలుగా 0.1 నుంచి 10 శాతం దాకా ఉంటాయి. ఏళ్ళ తరబడి కొమ్మ మీదో బండ మీదో కదలకుండా ఎండకూ వానకూ నిలబడే జీవికి అతినీలలోహిత కిరణాల నుంచి, పురుగుల నుంచి, బ్యాక్టీరియా నుంచి కాపుదల కావాలి. ఆ ఆమ్లాలు లైకెన్‌ను కాపాడతాయన్నది నిజమే. మనల్నీ కాపాడతాయా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ఏ లైకెన్, అందులో ఏ పదార్థం, ఎంత మోతాదు అని మూడూ చూడాలి. వీడియోల్లో ఈ మూడూ కలగాపులగం అవుతున్నాయి.

మొదటి గందరగోళం లైకెన్ దగ్గరే. మన మసాలాలో వాడేది ప్రధానంగా పార్మోట్రెమా పెర్లాటమ్. పాత పుస్తకాల్లో పార్మీలియా పెర్లాటా అని ఉంటుంది. దీని పైపొరలో ఆట్రానోరిన్, లోపలి తెల్లని పొరలో స్టిక్టిక్ ఆమ్లం, దాని బంధువులు ఉంటాయి. వీడియోల్లో పదేపదే వినిపించే అస్నిక్ ఆమ్లం దీని ముఖ్య పదార్థం కాదు. అది అస్నియా అనే మరో లైకెన్‌లో దండిగా ఉంటుంది. చెట్టు కొమ్మలకు గడ్డంలా వేలాడే లేతపసుపు పచ్చని పోగుల లైకెన్ అది. ఒకదాని మీద జరిగిన ప్రయోగ ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టి ‘బిర్యానీ మసాలాతో క్యాన్సర్ మాయం’ అంటున్నారు.

పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త. కిడ్నీ రాళ్ళ ఆయుర్వేద మాత్రల సీసా మీద కనిపించే శిలాపుష్పం మన రాతిపువ్వు కాదు. అది డిడిమోకార్పస్ పెడిసెల్లాటా అనే, నిజంగానే పూలు పూసే హిమాలయపు మొక్క. పాషాణభేది మరొకటి, శిలాజిత్ పూర్తిగా వేరొకటి. రాళ్ళు కరుగుతాయని రాతిపువ్వు కషాయం తాగేవాళ్ళు చాలామంది ఈ పేర్ల దగ్గరే పొరబడుతున్నారు.

రెండో గందరగోళం ప్రయోగశాల ఫలితాన్ని చదవడంలో. ‘యాంటీ ఆక్సిడెంట్’ అని రాసినచోట చాలాసార్లు జరిగింది డీపీపీహెచ్ పరీక్ష. ఊదారంగు రసాయనంలో లైకెన్ సారం కలిపితే రంగు ఎంత తగ్గిందో చూసే పరీక్ష అది. అందులో కడుపు లేదు, పేగు లేదు, లివర్ లేదు. టీ నీళ్ళు, ఉసిరి రసం, కరివేపాకు సారం కూడా ఆ పరీక్షలో బాగానే నెగ్గుతాయి. ‘షుగర్ తగ్గిస్తుంది’ అన్నచోట ఎక్కువగా ఉండేది పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమును గాజు గొట్టంలో అడ్డుకున్న ఫలితం. ‘క్యాన్సర్ కణాలను చంపుతుంది’ అన్నచోట గిన్నెలో పెంచిన కణాల మీద సారం పోసి ఉంటారు. ఆ గాఢత తరచుగా మిల్లీలీటరుకు పదుల మైక్రోగ్రాముల్లో ఉంటుంది.

50 మైక్రోగ్రాములు అనుకుని లెక్క వేయండి. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం. అందులో ఆ గాఢత రావాలంటే 250 మిల్లీగ్రాముల శుద్ధమైన పదార్థం ఏ నష్టమూ లేకుండా మొత్తం రక్తంలోకి చేరి, లివర్ దాన్ని విడగొట్టకుండా అక్కడే నిలవాలి. ఈ 250 మిల్లీగ్రాములు గుర్తుంచుకోండి, అస్నిక్ ఆమ్లం దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది. రాతిపువ్వు మీద మనుషుల్లో షుగరుకో కొలెస్ట్రాల్‌కో సరైన పద్ధతిలో జరిగిన పెద్ద పరీక్షలు లేవు. ఉన్నవి గాజు గొట్టాలవి, ఎలుకలవి. అవి పనికిరానివని అనను. ఏ దిక్కున వెతకాలో శాస్త్రజ్ఞులకు చూపేవి అవే. అమ్మగారి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ బదులు పెట్టుకునే ఆధారం మాత్రం వాటిలో లేదు.

ఇప్పుడు అస్నిక్ ఆమ్లం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. లైకెన్ పదార్థాల్లో లోకం ఎక్కువగా పరిశోధించింది దీన్నే, ఎక్కువ హాని చేసింది కూడా ఇదే. 1844లో తొలిసారి వేరుచేశారు. పసుపు రంగు స్ఫటికం, నీళ్ళలో దాదాపు కరగదు. స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను, క్షయ బ్యాక్టీరియా కుటుంబాన్ని కొద్ది మోతాదులోనే ఆపుతుంది. గ్రామ్ నెగటివ్ వాటికి బయట అదనపు పొర ఉండడంతో వాటి మీద అంతగా పనిచేయదు. ఈ గుణం వల్లే సోవియట్ యూనియన్‌లో దీని సోడియం లవణాన్ని గాయాల మీద పూత మందుగా వాడారు. యూరప్‌లో క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో, డియోడరెంట్లలో కలిపారు. చర్మం పైన ఇది పనికొచ్చే పదార్థమే.

లోపలికి తీసుకుంటే కథ మారుతుంది. మన వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో కుందేళ్ళకు దీన్ని నోటి ద్వారా ఇస్తే సుమారు 78 శాతం రక్తంలోకి చేరింది. చాలా మొక్కల పదార్థాలు పేగు దాటడానికే అవస్థ పడతాయి. ఇది సులువుగా దాటుతుంది. రక్తంలోకి చేరాక మొదట తగిలేది లివర్‌కు. లివర్ కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా పొరను ఇది చిల్లులు పొడిచినట్టు చేస్తుంది. తిన్నది దహనమవుతూనే ఉంటుంది, వేడి పుడుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ మాత్రం తయారవదు. పొయ్యి మండుతూనే ఉంటుంది, దాని మీద గిన్నె ఉండదు. దీన్నే ‘కొవ్వు కరిగిస్తుంది’ అని అమ్మారు. కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ కూడా ఖర్చయిపోతుంది, ఆ తర్వాత కణం చనిపోతుంది. గిన్నెలో క్యాన్సర్ కణాలను చంపేది కూడా చాలావరకు ఇదే పని. క్యాన్సర్ కణమా, లివర్ కణమా అని అది చూడదు.

ఫలితం ఏమైందో రికార్డుల్లో ఉంది. అమెరికాలో లిపోకైనెటిక్స్ అనే బరువు తగ్గే క్యాప్సూల్ అమ్మేవారు. ఒక్కో క్యాప్సూల్‌లో 100 మిల్లీగ్రాముల సోడియం అస్నియేట్, దాంతోపాటు కెఫీన్, యోహింబిన్, నోరెఫెడ్రిన్, డైఅయోడోథైరోనిన్ ఉండేవి. 2001 నవంబరులో అక్కడి ఆహార ఔషధ సంస్థ దాన్ని వాడొద్దని హెచ్చరించింది. 2002లో వైద్యులు దాన్ని వాడిన ఏడుగురి వివరాలు ప్రచురించారు: అందరికీ మొదలుపెట్టిన మూడు నెలల లోపే లివర్ దెబ్బతింది, ఆపాక కోలుకున్నారు. అది మిశ్రమం కదా, తప్పు మిగతా వాటిది కావచ్చు కదా అని కొందరు వాదించారు. 2004లో మరో కేసు వచ్చింది. ఒక 28 ఏళ్ళ యువతి శుద్ధమైన అస్నిక్ ఆమ్లమే రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు వేసుకుంది. లివర్ పూర్తిగా విఫలమై మార్పిడి చేయాల్సి వచ్చింది. పైన లెక్కలో వచ్చిన 250 మిల్లీగ్రాములను ఈ 500 పక్కన పెట్టి చూడండి. గిన్నెలో కణాలను చంపిన గాఢత ఒంట్లో తెప్పించాలంటే లివర్‌ను చంపే మోతాదుకు దగ్గరగా పోవాలి.

సహజమైనది కాబట్టి హాని ఉండదన్న మాట లైకెన్ల విషయంలో ముఖ్యంగా నమ్మకండి. 2004లో అమెరికాలోని వయోమింగ్‌లో నేల మీద పెరిగే ఒక లైకెన్ మేసి వందల ఎల్క్ దుప్పులు కాళ్ళు పడిపోయి చచ్చిపోయాయి. స్కాండినేవియాలో పసుపు రంగు తోడేలు లైకెన్‌ను, అందులోని వల్పినిక్ ఆమ్లం కోసం, తోడేళ్ళకు పెట్టే విషపు ఎరలో కలిపేవారు.

కాబట్టి ఏ సీసా కొన్నా లేబుల్ చదవండి. అస్నిక్ ఆమ్లం, సోడియం అస్నియేట్, అస్నియా బార్బాటా, ఓల్డ్ మ్యాన్స్ బియర్డ్, వీటిలో ఏ పేరున్నా లోపలికి తీసుకునేది కొనకండి. ఎక్కువ రోజులు పారాసెటమాల్ వాడేవారు, టీబీ మందులు వాడేవారు, లివర్‌లో కొవ్వు ఉన్నవారు, మద్యం అలవాటున్నవారు, గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. షుగరు ఉన్నవాళ్ళలో లివర్ కొవ్వు చాలా మామూలు. అమ్మగారికి ఉందో లేదో అల్ట్రాసౌండ్ తీయించకుండా చెప్పలేం.

ఇక మన రాతిపువ్వు. బిర్యానీలో ఎంత పడుతుందో చూద్దాం. కిలో మాంసానికి ఒకటి రెండు గ్రాములు. ఖుస్ వేళ్ళు, ఎండు గులాబీ రేకులు, పాన్ కీ జడ్, కబాబ్ చీనీలతో కలిపి పోట్లీలో కట్టి మరిగించి, చివరికి మూట తీసి పారేస్తారు. ఏడెనిమిది మంది తింటే తలకు 0.2 గ్రాము. అందులో ఆమ్లాలు 2 శాతం అనుకుంటే 4 మిల్లీగ్రాములు, అందులోనూ ఎక్కువ భాగం మూటలోనే ఉండిపోతుంది. వారానికోసారి ఇంత తింటే భయపడాల్సిందేమీ లేదు. చెంచా పొడి ఒకటిన్నర, రెండు గ్రాములు తూగుతుంది. రోజూ చెంచా అంటే వారానికి 14 గ్రాముల దాకా, అంటే వారానికోసారి బిర్యానీ తినేవారికంటే 70 రెట్లు. తరతరాలుగా తింటున్నాం కాబట్టి పరవాలేదన్న వాదన 0.2 గ్రాముకు చెల్లుతుంది, 14 గ్రాములకు చెల్లదు.

అంత తాగినా మీరు కోరుకున్న పదార్థం అందదు. ఈ ఆమ్లాలు అసిటోన్‌లో చక్కగా కరుగుతాయి, నీళ్ళలో దాదాపు కరగవు. అధ్యయనాల్లో వాడింది చాలావరకు అసిటోన్ సారమో మిథనాల్ సారమో. మీరు ఇంట్లో చేసేది నీళ్ళ కషాయం. పైగా వేడికి ఈ అణువుల్లో కొన్ని మధ్యలో విరుగుతాయి. లెకానోరిక్ ఆమ్లం ఎక్కువసేపు మరిగితే ఆర్సెలినిక్ ఆమ్లంగా, అక్కడి నుంచి ఆర్సినాల్‌గా మారుతుంది. అధ్యయనంలో పేరున్న పదార్థం గ్లాసులో ఉండకపోవచ్చు. వాసన సంగతి కూడా ఇలాంటిదే. యూరప్ అత్తరు తయారీలో ప్రసిద్ధమైన ఓక్‌మాస్ అనే లైకెన్ వాసనకు మూలం ఆట్రానోరిన్ విరిగినప్పుడు వచ్చే ఒక మిథైల్ ఎస్టర్. రాతిపువ్వును నెయ్యిలో వేశాకే అడవి మట్టి వాసన లేచే తీరు చూస్తే అదీ ఆ కుటుంబానిదేనని అనిపిస్తుంది. ఒట్టిగా నోట్లో వేసుకుంటే వాసన అంతంత మాత్రమే, చేదు మాత్రం తగులుతుంది.

కషాయం వద్దనడానికి ఇంకో బలమైన కారణం లోహాలు. లైకెన్‌కు వేళ్ళు లేవు, ఆకుల మీద ఉండే మైనపు పొర లేదు. గాలి, వాన, దుమ్ములో ఏముంటే అది నేరుగా ఒంట్లోకి పీల్చుకుంటుంది, ఏళ్ళ తరబడి దాచుకుంటుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి అరచేయంత ముక్క వెనక ఎన్నో ఏళ్ళ దుమ్ము ఉంటుంది. గాలి కాలుష్యాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు లైకెన్లనే వాడేది ఇందుకే. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఉత్తర యూరప్‌లో లైకెన్ మేసే రెయిన్‌డీర్ మాంసంలో రేడియోధార్మిక సీజియం చేరింది కూడా ఇలాగే. సీసం, క్యాడ్మియం ఉడికిస్తే పోవు. కడిగితే పైన అంటిన దుమ్ము వరకే పోతుంది. అందుకే నగరంలో రోడ్డు పక్క చెట్ల బెరడు మీద కనిపించే బూడిదరంగు పొరలను గీకి వాడకండి. కేబీఆర్ పార్కులో, అనంతగిరి అడవిలో గీకడం చట్టరీత్యా కూడా తప్పు. పచారీ దుకాణానికి వచ్చే సరుకు ఎక్కువగా హిమాలయాల నుంచి, పడమటి కనుమల నుంచి సేకరించినది.

సరుకు గుర్తించడం చెబుతాను. బేగంబజార్‌లో గోనెలోంచి తూచి ఇచ్చేది ఒక్క జాతి కాదు, అడవిలో ఏరినవాళ్ళు కలిపి తెచ్చిన మిశ్రమం. పావుకిలో కొని తెల్ల కాగితం మీద పరిచి భూతద్దంతో చూడండి. అసలు పార్మోట్రెమా పెర్లాటమ్ పైన బూడిదరంగు, కింద నలుపు, కింది అంచున గోధుమరంగు పట్టీ. అలలు తిరిగిన వెడల్పు రెమ్మలు, అంచుల్లో పిండి రాలినట్టు సన్నని పొడి, అక్కడక్కడ పొట్టి నల్ల వెంట్రుకలు. పైభాగంలో సన్నని కడ్డీల్లాంటి బుడిపెలు దట్టంగా ఉండి, అంచుల్లో వెంట్రుకలు లేకపోతే అది పార్మోట్రెమా టింక్టోరమ్. పైన వల అల్లినట్టు సన్నని తెల్లగీతలు ఉంటే పార్మోట్రెమా రెటిక్యులేటమ్. సన్నని పట్టీల్లా కాలువ తిరిగిన రెమ్మలు, అంచులకు నల్ల వెంట్రుకలు ఉంటే హైపోట్రాకైనా సిర్రాటా. వంటకు ఇవన్నీ వాడుకలో ఉన్నవే, వాసనలో తేడా ఉంటుంది. ఏరిపారేయాల్సింది పోగుల్లా, పసుపుపచ్చగా ఉండే ముక్కలను. ఒక పోగును కాస్త తడిపి రెండు కొసలూ పట్టి మెల్లగా లాగండి: పైతొడుగు విరిగి లోపల సాగే తెల్లని దారం కనిపిస్తే అది అస్నియా.

ఇంట్లో చేయగల రసాయన పరీక్ష ఒకటుంది. కొత్తగా కొన్న బ్లీచింగ్ పౌడర్ చిటికెడు రెండు చెంచాల నీళ్ళలో కలిపి, తేరిన నీటిని తీసుకోండి. లైకెన్ పైపొరను బ్లేడుతో గీకి లోపలి తెల్లపొర బయటపెట్టి, అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క అంటించండి. క్షణాల్లో ఎరుపు వచ్చి మాయమైతే లెకానోరిక్ ఆమ్లం ఉన్నట్టు, అంటే టింక్టోరమ్ కావచ్చు. పెర్లాటమ్‌లో రంగు మారదు. ఎరుపు నిలవదు కాబట్టి చుక్క పెట్టేటప్పుడే కళ్ళు ముక్క మీద ఉండాలి. పాత బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ పోయి ఉంటుంది. దాంతో చేస్తే ప్రతి ముక్కా మారనట్టే కనిపించి మోసపోతారు. కిటికీ తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయండి. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ దరిదాపుల్లో ఉండకూడదు, విషవాయువు వస్తుంది. పరీక్షించిన ముక్క మళ్ళీ మసాలా డబ్బాలోకి వెళ్ళకూడదు.

మీ చెల్లెలికి పలుచని పొర క్రొమాటోగ్రఫీ తెలిసే ఉంటుంది. లైకెన్లకు 1970లలో అమెరికా లైకెన్ శాస్త్రవేత్త కల్బర్సన్ స్థిరపరచిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. 50 మిల్లీగ్రాముల ముక్కలను 1 మిల్లీలీటరు అసిటోన్‌లో పావుగంట నాననిచ్చి, సిలికా జెల్ 60 ఎఫ్254 ప్లేటు మీద సన్నని గొట్టంతో రెండు మూడు సార్లు, ప్రతిసారీ ఆరనిస్తూ చుక్క పెట్టాలి. ద్రావణి టోలుయిన్ 17 పాళ్ళు, అసిటిక్ ఆమ్లం 3 పాళ్ళు. ద్రావణి పోసిన గాజు పాత్రలో వడపోత కాగితం నిలబెట్టి ఆవిరి నిండాకే ప్లేటు దించాలి, లేకపోతే ద్రావణి వంకరగా ఎక్కుతుంది. ప్లేటు పూర్తిగా ఆరాక 254 నానోమీటర్ల కాంతిలో చూసి మచ్చలను పెన్సిల్‌తో గుర్తించి, 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చిమ్మి 110 డిగ్రీల దగ్గర వేడి చేయాలి. ఆట్రానోరిన్ బాగా పైకి పోతుంది, అస్నిక్ ఆమ్లం దానికి కాస్త కింద, సలాజినిక్ ఆమ్లం మొదలు దగ్గరే ఉండిపోతుంది. మొదటి రెండూ దగ్గర దగ్గరగా ఉండడం వల్ల పొరపాటు పడడం తేలిక. అందుకే కొన్న శుద్ధ అస్నిక్ ఆమ్లాన్ని పక్క వరుసలో పెట్టి నడపాలి, మరో ద్రావణిలో కూడా చూడాలి. చుక్క ఎక్కువైతే మచ్చ తోకలా సాగి రెండూ కలిసిపోతాయి. పుస్తకాల్లో పారాఫినిలీన్ డైఅమీన్ పరీక్ష కూడా కనిపిస్తుంది; అది విషపదార్థం, గురువు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవద్దనండి. జాతి పేరు ఖరారు కావాలంటే లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో పెద్ద లైకెన్ సేకరణ ఉంది. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన డి.డి. అవస్థి సేకరణలూ అక్కడే ఉన్నాయి. సీసం, క్యాడ్మియం, ఆర్సెనిక్ తెలియాలంటే నగరంలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ఆహార పరీక్ష ల్యాబ్‌కు 100 గ్రాముల నమూనా ఇచ్చి, లోహాలు కొద్దిగా ఉన్నా కొలిచే ఐసీపీ-ఎంఎస్ పద్ధతిలో చూడమని అడగండి.

వంటకు శుభ్రం చేయడం సులువే. బెరడు ముక్కలు, నాచు, ఇసుక ఏరి, జల్లెడ పట్టి, చన్నీళ్ళలో రెండు మూడు సార్లు గబగబా జాడించి తీయండి, నానబెట్టకండి. నీడలో పలుచని బట్ట మీద పెళుసుగా అయ్యేదాకా ఆరబెట్టాలి. లోపల తడి ఉండి డబ్బాలో పెడితే బూజు పడుతుంది, బూడిదరంగు లైకెన్ మీద తెల్ల బూజు కంటికి ఆనదు; ముక్కిపోయిన వాసన వస్తే మొత్తం పారేయాల్సిందే. వేయించేది సన్నటి మంట మీద అర నిమిషం. ఎక్కువైతే వాసన పోయి చేదు మిగులుతుంది.

చర్మం విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే చరీలాను ఉబ్టన్ అనే నలుగుపిండిలో, అత్తర్లలో వాడతారు. ఆట్రానోరిన్, క్లోరోఆట్రానోరిన్ విరిగితే ఆట్రనాల్, క్లోరోఆట్రనాల్ వస్తాయి. ఇవి చాలా బలమైన అలర్జీ కారకాలు; యూరోపియన్ యూనియన్ 2017లో చేసిన నియమం ప్రకారం 2021 నుంచి అక్కడ ఏ సౌందర్య సాధనంలోనూ ఇవి ఉండకూడదు. ఇంట్లో ఉబ్టన్‌లో కలిపేవారు ముంజేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎర్రదనం వస్తే ఆపేయండి. మసాలా గిర్నీలో పొడి కొట్టేవాళ్ళు మాస్కు పెట్టుకోవడం తప్పనిసరి.

లైకెన్లలో లోపలికి తీసుకోవడానికి సంప్రదాయ వాడుకగా గుర్తింపు ఉన్నది ఒకటుంది: ఐస్‌లాండ్ మాస్ అనే సెట్రేరియా ఐలాండికా. గొంతు గరగర, పొడి దగ్గు, ఆకలి మందగించడానికి వాడొచ్చని యూరోపియన్ ఔషధ సంస్థ ఒప్పుకుంది. అందులో గొంతుకు పని చేసేది ఆమ్లం కాదు, లైకెనన్ అనే జిగురు పిండిపదార్థం. గొంతు పొర మీద పూతలా నిలుస్తుంది. అది చలిదేశాల లైకెన్. మన రాతిపువ్వును దాని బదులు వాడొచ్చనుకోవద్దు.

అమ్మగారి సంగతికి వస్తే, ఇప్పటికే కషాయమో క్యాప్సూలో కొన్నాళ్ళు వాడి ఉంటే ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు రక్తపరీక్ష చేయించండి. అందులో లివర్ ఎంజైము ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ రెండూ చూడాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతుంటే ఎస్‌జీపీటీ పెరుగుదల దానివల్లో దీనివల్లో డాక్టరు తేల్చుకోవడానికి ఏమేం తాగారో, ఎన్నాళ్ళు తాగారో దాచకుండా చెప్పాలి. సీసా ఉంటే వెంట తీసుకెళ్ళండి. కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, వాంతులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, మామూలు కాని మగత, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. యునానీ వైద్యం మీద నమ్మకం ఉంటే ఎర్రగడ్డలో కేంద్రప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థ ఆసుపత్రి ఉంది. అక్కడి హకీములకు ఆమె వాడే ఇంగ్లిష్ మందుల చీటీ చూపించి, రాసిచ్చే మందులో ఉష్నా ఎన్ని గ్రాములో అడిగి రాయించుకోండి. షుగరు మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర ఈలోగా ఒక్క పూట కూడా మానకూడదు.